పింజ పొడవు

2024-25 సీజనుకు కేంద్రం ప్రకటించిన పత్తి మద్దతు ధర మధ్యరకం పింజకు క్వింటాలుకు 7,121 రూపాయలు, పొడవు పింజకు 7,521 రూపాయలు. మధ్యరకం అంటే 24.5 నుంచి 25.5 మిల్లీమీటర్ల పోగు, పొడవు రకం అంటే 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్ల పోగు. ఐదు మిల్లీమీటర్ల తేడాకు నాలుగు వందలన్నమాట. దూదిలో ప్రతి పోగూ గింజ తొక్క మీద పుట్టిన ఒంటి జీవకణం. ఆ చివర నుంచి ఈ చివర దాకా అందులో అతుకు లేదు, అడ్డుగోడ లేదు. మిరపకు రంగూ ఘాటూ చూస్తారు, పొగాకుకు ఆకు వన్నె చూస్తారు. ఒక్క కణం ఎంత దూరం సాగిందో కొలిచి ప్రభుత్వమే ధర కట్టే పంట పత్తి తప్ప మరొకటి నాకు తోచదు. గుంటూరు, ప్రకాశం మైదానాల పత్తి చరిత్రను ఈ కొలత వైపు నుంచి చదివితే ఒక సంగతి బయటపడుతుంది. నూటయాభై ఏళ్లుగా కొనేవాడూ, మిల్లువాడూ, విత్తన శాస్త్రవేత్తా ఆ కణాన్ని బయట నుంచే కొలిచారు. ఎంత పొడవుందో చెప్పగలిగారు గానీ అంతే ఎందుకుందో చెప్పలేకపోయారు. ఆ రెండో ప్రశ్నకు జవాబు ఒట్టి ప్రయోగాలతో రాలేదు, ఒట్టి లెక్కలతోనూ రాలేదు. రెండూ ఒకదాన్నొకటి సరిదిద్దుకున్న చోటే వచ్చింది. ఆ జవాబు రావడానికి ముందే ఈ నేల పొడవు పింజకు చాలా ధర చెల్లించింది.

పంతొమ్మిదో శతాబ్దంలో గుంటూరు, కృష్ణా, నెల్లూరు నల్లరేగళ్లలో పండిన పత్తికి వ్యాపారంలో ‘కోకనాడ’ పత్తి అని పేరు. పండేది ఇక్కడైనా కాకినాడ రేవులో ఓడ ఎక్కేది కాబట్టి కొనేవాడికి తెలిసింది రేవు పేరే. కర్నూలు వైపు పత్తి ‘నార్దరన్స్’, బళ్లారి, అనంతపురం వైపుది ‘వెస్టరన్స్’, తిరునల్వేలిది ‘టిన్నీస్’. కోకనాడ పత్తి గాసిపియం ఆర్బోరియం జాతికి చెందిన దేశవాళీ మొక్క. దూదిలో లేత ఎర్రటి ఛాయ, పింజ పొట్టి. వానల మీదే బతికేది, రేగడిలో లోతుగా వేరు దించేది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు దూది కరువైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా పత్తి ధర ఆకాశాన్నంటింది. 1865లో యుద్ధం ముగియగానే దిగిపోయింది. ఆ నాలుగేళ్లలో మాంచెస్టర్ నుంచి వచ్చిన ఫిర్యాదు ఒక్కటే: భారతీయ పత్తి పొట్టిది, పైగా చెత్త కలిసినది. అంతకు ముందే, 1840లో, ఈస్టిండియా కంపెనీ అమెరికా నుంచి పత్తి సేద్యగాళ్లను రప్పించి, పొడవు పింజ మొక్కలను ఇక్కడ నిలబెట్టాలని చూసింది. కోయంబత్తూరులో రాబర్ట్ వైట్ పర్యవేక్షణలో ఏళ్ల తరబడి సాగిన ఆ యత్నం మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్దగా పట్టుకోలేదు. మన దేశవాళీ మొక్క తన నేలలో తాను పండింది, పరాయి యంత్రానికి సరిపోలేదు.

పొట్టి పింజ అన్నది పత్తికి పుట్టుకతో వచ్చిన లోపమని అనుకోవడం ఇక్కడే మొదలైంది. నిజానికి అది యంత్రంతో పోల్చి చెప్పిన మాట. అమెరికన్ పత్తి పొడవుకు అమర్చిన రోలర్ల మధ్య దూరం పొట్టి పోగును పట్టుకోలేదు, జారవిడుస్తుంది. చేతివేళ్లకు ఆ ఇబ్బంది లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి, పొట్టి పింజ పత్తి నుంచే నూరో నంబరు నూలు తీసిన చరిత్ర మన ముందుంది. ఢాకా మస్లిన్ కూడా పొడవు పింజ పత్తి సొత్తు కాదు. కాబట్టి ‘మేలైన పత్తి అంటే పొడవైన పత్తి’ అన్న సూత్రం ప్రకృతి నియమం కాదు, ఒకానొక పరిశ్రమ అవసరం. దీన్ని ఒప్పుకుంటూనే ఒక మాట చెప్పాలి. ఆ పరిశ్రమ గెలిచింది. చేతి రాట్నం సంతలో మిగల్లేదు, రోలర్ మిగిలింది. రైతు అమ్ముకోవాల్సింది రోలర్‌కే. అందువల్ల పొడవు అక్కర్లేదని కొట్టిపారేసే దేశవాళీ అభిమానుల వాదం మనసుకు హాయిగా ఉంటుంది గానీ అప్పు తీర్చదు. అసలు అడగాల్సిన ప్రశ్న వేరు. పొడవు కావాలంటే మొక్కనే మార్చాలా, లేక ఆ కణం ఎక్కడ ఆగిపోతున్నదో తెలిస్తే చాలా?

ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురే. 1919లో ఈజిప్టు పత్తి మీద పనిచేసిన లారెన్స్ బాల్స్, పోగు గోడలో రోజుకొకటి చొప్పున పొరలు పడతాయని సూక్ష్మదర్శినిలో చూపించాడు. కణం తన రోజులను తన గోడలోనే లెక్కపెట్టి ఉంచుతుందన్నమాట. ఇక్కడ 1921లో ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ ఏర్పడింది, 1924లో ఆ కమిటీ కింద బొంబాయి మాతుంగాలో పత్తి సాంకేతిక ప్రయోగశాల వెలిసింది. దేశం నలుమూలల నుంచి కొత్త రకాల దూది అక్కడికి వెళ్లేది. వాళ్లు దాన్ని నిజంగా వడికి, ఏ నంబరు నూలు దాకా తెగకుండా నిలుస్తుందో చూసి చెప్పేవారు. 1930లలో ఎ.జె. టర్నర్, వి. వెంకటరామన్ మరో అడుగు వేశారు. పోగు పొడవు, సన్నదనం లాంటి గుణాల నుంచి నూలు శక్తిని ముందే అంచనా కట్టే సూత్రాలు తయారుచేసి, వాటిని వడుకుడు పరీక్షతో సరిచూశారు. నమూనాకూ ప్రయోగానికీ పెళ్లి చేయడం మన పత్తి శాస్త్రానికి అప్పటి నుంచే తెలుసు. అయితే వాళ్ల సూత్రం కణం చచ్చి, ఎండి, గింజ నుంచి విడిపోయిన తర్వాత మొదలయ్యేది. అది పోగు నుంచి నూలు దాకా నడిచింది, గింజ నుంచి పోగు దాకా నడవలేదు. గుంటూరు పరిశోధన కేంద్రంలో కోకనాడ పత్తి నుంచి మేలైన వరసలు ఏరిన వాళ్లు కూడా కాసిన పోగును చూసి ఏరారే తప్ప, కాసే పోగును చూసి కాదు.

బయటి కొలత ఎక్కడ తడబడుతుందో చెప్పడానికి మైక్రోనేర్ మంచి ఉదాహరణ. నేటికీ మద్దతు ధర పట్టికలో పింజ పొడవు పక్కన ఉండే రెండో గడి అదే. పొడవు రకానికి 3.5 నుంచి 4.3, మధ్యరకానికి 4.3 నుంచి 5.1. తూచిన దూదిని ఒక గొట్టంలో కుక్కి, గాలి ఎంత సులువుగా దూరిందో చూసి ఈ అంకె ఇస్తారు. చేయడం తేలిక, చవక. కానీ ఆ అంకె తగ్గడానికి రెండు కారణాలు ఉండొచ్చు. పోగు స్వతహాగా సన్నదై, గోడ బాగా పండి ఉండొచ్చు. లేదా పోగు లావుదే అయినా, గోడ నిండక పచ్చిగా మిగిలి ఉండొచ్చు. మొదటిది మిల్లుకు పండగ, రెండోది మిల్లుకు తలనొప్పి, రంగు కూడా సరిగా పట్టదు. గాలికి ఈ తేడా తెలియదు. లావు నిర్ణయమయ్యేది కణం పుట్టిన తొలి రోజుల్లో, గోడ నిండేది మూడో వారం తర్వాత. వేర్వేరు వారాల్లో, వేర్వేరు కారణాలతో జరిగే రెండు పనులను ఒకే అంకెలో కుక్కి రైతు చేతిలో పెడుతున్నాం. వానలు వెనకబడ్డాయా, ఎరువు ఎక్కువైందా, విత్తనం తీరే అలాంటిదా అని ఆ అంకెను పట్టుకుని ఎవరూ తేల్చలేరు.

1947 దేశ విభజన ఈ కథను మలుపు తిప్పింది. నాణ్యమైన అమెరికన్ పత్తి పండే సింధు, పశ్చిమ పంజాబు నేలలు పాకిస్తాన్‌కు పోయాయి, మిల్లులేమో ఇటు మిగిలాయి. ఆనాడు భారతదేశంలో పత్తి వేసిన నేలలో నూటికి 97 పాళ్లు దేశవాళీ జాతులే. పొడవు పింజ ఇక జాతీయ అవసరం అయింది. అమెరికన్ జాతి, అంటే గాసిపియం హిర్సూటం, విస్తరణకు ప్రభుత్వం పూనుకుంది. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లొదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్టలను తడిపింది. కోయంబత్తూరులో పుట్టిన ఎంసీయూ-5 రకం 1968లో విడుదలైంది. 1970లో సూరత్ నుంచి హెచ్-4, 1972లో ధార్వాడ నుంచి వరలక్ష్మి సంకర రకాలు వచ్చాయి. పదిహేనేళ్లలో ఈ మైదానం రూపు మారిపోయింది. ఎర్ర ఛాయ దూది పోయి తెల్ల దూది వచ్చింది, పొట్టి పింజ పోయి పొడవు పింజ వచ్చింది. గుంటూరు పత్తి రైతుకు డబ్బు కళ్లజూపింది ఆ కాలమే. తెలంగాణ రేగళ్లకు తరలివెళ్లి పత్తి వేసిన గుంటూరు రైతులు వెంట తీసుకెళ్లింది కూడా ఆ అనుభవాన్నే.

అయితే పొడవు కోసం మార్చింది పింజను కాదు, జాతిని. పొడవుతో పాటు ఆ మొక్క ఒంటి తీరంతా వచ్చింది. రసం పీల్చే పురుగులను ఓర్చుకునే గుణం దేశవాళీ ఆర్బోరియానిది. లేత ఆకు, ఎక్కువ పూత, ఎక్కువ కాలం పొలంలో నిలబడే స్వభావం హిర్సూటానిది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట అద్భుతంగా పనిచేశాయి. 1984-85లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ విజృంభించింది. దాని శత్రు కీటకాలు ఆ మందులకే చచ్చిపోవడంతో దానికి అడ్డు లేకుండా పోయింది. దోమ విడిచే తీపి జిగురు దూదికి అంటుకుని మిల్లు యంత్రాలకు కూడా పట్టుకుంది. పొడవు కోసం పడ్డ శ్రమ చివరికి జిగురుగా మిల్లుకే చేరిందన్నమాట. 1987-88లో శనగపచ్చ పురుగు వంతు వచ్చింది. ఎన్నిసార్లు కొట్టినా చావలేదు. ఆంధ్ర పొలాల్లో ఈ పురుగు పైరిత్రాయిడ్లకు లొంగడం మానేసిందని 1988, 89 నాటికి శాస్త్ర పత్రికల్లో రుజువులు అచ్చయ్యాయి. 1987-88లోనే ఈ మైదానంలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశానికి తొలిసారి వార్త అయ్యాయి. గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం తెల్లదోమను ఓర్చుకునే కాంచన లాంటి రకాలను ఇచ్చింది. 2002లో బీటీ పత్తికి అనుమతి దొరికింది, తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. ఆ కథ అందరికీ తెలిసిందే.

ఈ నష్టానికంతా పింజ పొడవునే నిందించడం అన్యాయమని ఎవరైనా అంటే ఆ అభ్యంతరంలో బలముంది. మందుల దుకాణమే అప్పిచ్చే చోటూ కావడం, ఒకే పంట మీద పడడం, కౌలు, నకిలీ సరుకు, ధరల ఊగిసలాట, ఇవన్నీ లేకుండా ఒక జీవకణం ఎవరినీ ముంచలేదు. పొడవు పింజ పత్తిని తక్కువ మందులతో పండించిన దేశాలూ ఉన్నాయి. నేను చెప్పేది ఇంతకన్నా చిన్న మాట. 1970లలో మన ముందు కనిపించిన దారులు రెండే: పొట్టి పింజతో గట్టి మొక్క, లేదా పొడవు పింజతో సుకుమారపు మొక్క. ఈ రెండూ విడదీయరాని జంటలని అందరూ అనుకున్నారు, ఎందుకంటే పింజ పొడవును నిర్ణయించేది ఏమిటో తెలియదు. తెలియనప్పుడు ఒక గుణం కావాలంటే మొత్తం మొక్కను కొనుక్కోవాల్సిందే. ఆ కొనుగోలులో పురుగుమందు ఖర్చు కనిపించని వాటాగా చేరింది.

ఇక కణం లోపలికి వెళ్దాం. పూసిన రోజే గింజ పై పొరలోని కణాల్లో సుమారు పావు వంతు నుంచి మూడో వంతు ఉబ్బి పైకి లేస్తాయి. ఆ తర్వాత రెండు వారాలకు పైగా అవి సాగుతూనే ఉంటాయి, ఉధృతంగా ఉన్నప్పుడు రోజుకు రెండు మిల్లీమీటర్లు దాటి. వెడల్పు మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూఇటూగా నిలిచిపోతుంది. పొడవుకూ వెడల్పుకూ నిష్పత్తి వెయ్యి దాటుతుంది. ఇరవయ్యో రోజు ప్రాంతంలో సాగడం తగ్గి, గోడ లోపలి వైపు సెల్యులోజ్ పొరలు పేరుకుంటాయి. నలభై అయిదు, యాభై రోజులకు కాయ పగిలేసరికి పోగులో మిగిలేది దాదాపు అంతా సెల్యులోజే. ఈ పనిని లోపల మూడు శక్తులు పంచుకుంటాయి. ఒకటి, కణరసపు ఒత్తిడి. పక్క కణాలతో ఉన్న సన్నని దారులు కొన్ని రోజులు మూసుకుపోయి, లోపల చక్కెర, పొటాషియం పేరుకుని ఒత్తిడి పెరుగుతుందని 2001లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. రెండు, మైక్రోట్యూబ్యూళ్లు. ఇవి గోడ కింద అడ్డంగా పరుచుకుని, సెల్యులోజ్ దారాలు ఏ దిశలో అల్లుకోవాలో చెబుతాయి. పీపాకు వేసిన ఇనుప పట్టీల్లా ఆ దారాలు కణాన్ని పక్కకు ఉబ్బనివ్వవు, అందుకే అది పొడవుకే సాగుతుంది. మూడు, యాక్టిన్. కణం నిలువునా చాచిన సన్నని ప్రొటీన్ తంతువులు, తంతు కట్టలు ఇవి. గోడకు కావలసిన సరుకు వీటి వెంటే పయనిస్తుంది. ఈ తంతువులన్నిటినీ కలిపి కణ చట్రం, సైటోస్కెలిటన్ అంటారు.

యాక్టిన్ పత్తి నుంచి బయటపడలేదు. 1942లో హంగేరీలోని సెగెడ్‌లో సెంట్-గ్యోర్గీ ప్రయోగశాలలో స్ట్రాబ్ అనే యువకుడు కండరంలో దాన్ని కనుక్కున్నాడు. దాని శాస్త్రం మొదటి నుంచీ లెక్కతో కలిసే నడిచింది. 1962లో జపాన్‌లోని నగోయాలో ఫుమియో ఓసావా, కసాయి యాక్టిన్ ముక్కలు తంతువుగా కూడడాన్ని ఆవిరి నీరుగా మారే పద్ధతిలో లెక్కగట్టి, ఒక నిర్ణీత గాఢత దాటితేనే తంతువు పుడుతుందని చెప్పారు. పరీక్షనాళికలో సరిగ్గా అదే జరిగింది. తర్వాత చిక్కుప్రశ్న ఒకటి మిగిలింది. ఒక్కో ముక్క చేరినప్పుడు తంతువు పెరిగేది 2.7 నానోమీటర్లే. ఎదురుగా పొర అడ్డుగా ఉంటే కొత్త ముక్కకు చోటెక్కడ? 1996లో మొగిల్నర్, ఆస్టర్ దీనికి గణిత సమాధానం ఇచ్చారు. వేడి వల్ల తంతువు కొస వణుకుతుంది, ఆ వణుకులో క్షణకాలం చోటు దొరుకుతుంది, ముక్క అందులో చేరిపోతే తంతువు వెనక్కి రాలేక పొరను ముందుకు నెడుతుంది. 1999లో ఫ్రాన్స్‌లో లోయిసెల్, కార్లియే బృందం శుద్ధి చేసిన కొద్దిపాటి ప్రొటీన్లతోనే ఆ కదలికను జీవం లేని ద్రవంలో పునఃసృష్టించింది. ఊహ ముందు, పరీక్ష తర్వాత, మళ్లీ సవరించిన ఊహ. ఈ వరస లేకుండా యాక్టిన్ గురించి మనకు తెలిసిన దానిలో సగం కూడా తెలిసేది కాదు.

పత్తిలో ఈ వరస ఎందుకు అవసరమైందో మూడు ప్రయోగాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2005లో చైనా పరిశోధకులు పోగులో చురుకుగా ఉండే ఒక యాక్టిన్ జన్యువును అణచివేశారు. తంతువులు తగ్గాయి, పోగు పొట్టిదైంది. ఇది సహజమే అనిపిస్తుంది: యాక్టిన్ తగ్గితే పొడవు తగ్గుతుంది. 2009లో తంతువులను ముక్కలు చేసే ఏడీఎఫ్ అనే ప్రొటీన్‌ను తగ్గించారు. తంతువులు దండిగా నిలిచాయి, పోగు పొడవూ బలమూ పెరిగాయి. ఇదీ అదే సూత్రానికి సరిపోయింది. కానీ 2010లో ప్రొఫిలిన్ అనే మరో ప్రొటీన్‌ను పెంచి చూస్తే లావాటి యాక్టిన్ కట్టలు ముందుగానే ఏర్పడి, కణం సాగడం త్వరగా ఆపేసి గోడ నింపుకోవడం మొదలుపెట్టింది. యాక్టిన్ కట్టలు ఎక్కువైనా పోగు పొట్టిదైంది! మూడూ మంచి ప్రయోగాలే, మూడూ నిజమే. ‘ఎక్కువ’, ‘తక్కువ’ అనే భాషలో మాత్రం మూడూ కలవవు. ఎంత యాక్టిన్ అన్న దానికన్నా ఏ రోజున, ఏ రూపంలో, ఏ వేగంతో అన్నవి అసలు విషయాలు. అవి మాటలతో పట్టుబడేవి కావు. ఏక కాలంలో మారుతున్న నాలుగైదు రాశులు ఒకదానిమీద ఒకటి ఆధారపడితే చివరికి ఏం జరుగుతుందో బుర్రలో ఊహించడం మనిషి వల్ల కాదు, సమీకరణం కావాలి.

అమెరికాలోని పర్డ్యూ, నెబ్రాస్కా విశ్వవిద్యాలయాల పరిశోధకులు చేసిన పని ఈ దిశలో నాకు తెలిసినంతలో సూటిగా సాగింది. మొదట 2015లో వాళ్లు పత్తిని కాక, అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్క ఆకు మీది నూగు కణాన్ని తీసుకున్నారు. కణం గోడను వేల చిన్న పలకలుగా విడగొట్టి ఒక్కో పలక ఒత్తిడికి ఎంత సాగుతుందో కంప్యూటర్లో లెక్కించారు. వంతెనల ఇంజనీర్లు వాడే పద్ధతే ఇది. కొస మొనదేరాలంటే గోడ మందం అక్కడ ఒక క్రమంలో మారాలని నమూనా చెప్పింది. కణంలో వెతికితే ఆ క్రమం కనిపించింది, దాన్ని నిలబెట్టడంలో కొస దగ్గరి యాక్టిన్ వల పాత్ర తేలింది. 2022లో అదే పద్ధతిని పత్తిపోగుకు అన్వయించారు. అప్పుడే మొలిచిన పోగు గుండ్రటి బుడిపె. అది ఎలా సన్నబడుతుంది? కొస దగ్గర మైక్రోట్యూబ్యూళ్లు లేని చిన్న ఖాళీ ఉండడం, దాని వెనక నుంచి అడ్డ దారాలు మొదలవడం, ఈ రెండిటి మధ్య సరిహద్దు ఎక్కడుందన్నది లావును నిర్ణయిస్తున్నట్టు తేలింది. పైన మైక్రోనేర్ గొట్టంలో కలిసిపోయిన రెండు కారణాల్లో ఒకటి ఇక్కడ విడిగా, కణం వయసు రెండు మూడు రోజులప్పుడే, కళ్లబడింది. ఈ ఖాళీని, దారాల దిశను సూక్ష్మదర్శినిలో కొలవకపోతే నమూనాకు ఆధారం లేదు. నమూనా లేకపోతే, కొలిచిన పది సంగతుల్లో ఏది లావును శాసిస్తున్నదో, ఏది ఊరికే పక్కన ఉన్నదో తెలిసే మార్గం లేదు.

నమూనా అంటే అనుమానం ఉన్నవాళ్లు ఒక పదునైన ప్రశ్న వేస్తారు. అందులో మార్చుకోగలిగే అంకెలు చాలా ఉంటాయి, వాటిని అటూఇటూ తిప్పి ఏ ఫలితాన్నైనా రప్పించవచ్చు కదా? అవును, రప్పించవచ్చు. కణం ఫొటోకు సరిపోయేలా అంకెలు సర్ది, సరిపోయింది చూడండి అని ప్రకటించే పత్రాలకు కొదవ లేదు, వాటిని నమ్మకపోవడమే మంచిది. కానీ తప్పేదో తేలే చోటు ఉంటుంది. సర్దడానికి వాడని కొలత గురించి నమూనా ముందే ఏదైనా చెప్పాలి, తర్వాత ఎవరైనా వెళ్లి కొలవాలి. ఓసావా గాఢత విషయంలో అదే జరిగింది, నూగు కణం గోడ మందం విషయంలోనూ అదే జరిగింది. మాతుంగాలో టర్నర్ సూత్రం గౌరవం సంపాదించుకున్నదీ ఇలాగే. రకం వచ్చినప్పుడల్లా సూత్రం ఒక నంబరు చెప్పేది, వడుకుడు యంత్రం దాన్ని ఒప్పుకునేదో కొట్టేసేదో. పత్తి విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది, అది అనుమానస్తులకే బలం ఇస్తుంది. హిర్సూటం పోగుల కొసలు ఒకే తీరుగా ఉండవు, కొన్ని సన్నగా మొనదేరి ఉంటాయి, కొన్ని గుండ్రంగా ఉంటాయి. బార్బడెన్స్ అనే మరో పత్తి జాతి పోగుకు సన్నటి మొన ఒకటే. ఒక గింజ మీది కణాలే రెండు తీర్లుగా ఉన్నప్పుడు ఒకే నమూనా అందరి మాటా చెప్పలేదు. 2016లో ఈ తేడా బయటపడ్డాక, సగటు పోగు అనే ఊహను వదిలేయక తప్పలేదు.

మరో అభ్యంతరం పొలం వైపు నుంచి వస్తుంది, దానికే ఎక్కువ బరువు ఇవ్వాలి. ఎంసీయూ-5 తయారుచేసిన వాళ్లకు యాక్టిన్ పేరు కూడా అక్కర్లేకపోయింది. ఏరివేత చాలు, కణం గొడవ ఎందుకు? ఈ మాటకు మరాఠ్వాడాలోని పర్భణి వ్యవసాయ విశ్వవిద్యాలయం మరింత బలం ఇస్తుంది. అక్కడి శాస్త్రవేత్తలు పీఏ 255, పీఏ 402 వంటి దేశవాళీ ఆర్బోరియం రకాల్లోనే అమెరికన్ పత్తికి దీటైన పింజ పొడవు తెప్పించారు. అదీ కణం లోపలికి చూడకుండా, సంకరంతోనూ ఏరివేతతోనూ. కానీ ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చూస్తే అది నా వాదాన్నే నిలబెడుతుంది. పొట్టి పింజ దేశవాళీ మొక్క నుదుటి రాత కాదని, గట్టి మొక్కకూ పొడవు పోగుకూ విడదీయరాని వైరం లేదని పర్భణి రుజువు చేసింది. 1970లలో గుంటూరులో ఎవరూ చూడని మూడో దారి ఉండనే ఉంది. అది కనిపించడానికి తరాల ఏరివేత పట్టింది, ఎందుకంటే ప్రతి తరంలోనూ కాయ పగిలే దాకా ఆగి, దూది తీసి కొలిచి, అప్పుడు మాత్రమే ఏది ఉంచాలో తేల్చుకోవాలి. కణాన్ని సాగుతున్నప్పుడే చూడగలిగితే ప్రశ్న మారుతుంది. దేశవాళీ పోగు రోజుకు తక్కువ సాగుతున్నదా, లేక అంతే వేగంతో సాగి కొన్ని రోజుల ముందే ఆపేస్తున్నదా? ఈ రెండిటికీ మందు ఒకటి కాదు. మొదటిదైతే ఒత్తిడి వైపూ, సరుకు మోసే యాక్టిన్ వైపూ వెతకాలి. రెండోదైతే గోడ నింపమని కణానికి సంకేతం వచ్చే ఘడియను వెతకాలి, ప్రొఫిలిన్ ప్రయోగంలో ముందుకు జరిగింది సరిగ్గా ఆ ఘడియే. గింజలను పూసిన రెండో రోజున తీసి పోషక ద్రవంలో పెంచి, పోగులు సాగడం చూసే పద్ధతి బీస్లీ, టింగ్ 1973లోనే చూపారు. దానికి ఖరీదైన భవనం అక్కర్లేదు. పూసిన రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా రోజూ తీసిన పొడవుల వరుస ఒకటి, దాన్ని వేగంగానూ కాలంగానూ విడగొట్టే లెక్క ఒకటి చాలు. ఇవి ఉంటే ఒక రకాన్ని పొలంలో నిలబెట్టాలా వద్దా అన్న నిర్ణయం కాయ పగలక ముందే, పురుగుమందు కొట్టక ముందే తీసుకోవచ్చు.